మోటారు ముచ్చట్లు: వేట బండి ఏమైనట్టు?

ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా ఒడిశా సరిహద్దు నుంచే వచ్చాయి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, జయపురం, రాయగడ పాఠకులు ఒకే సంగతిని తలో వైపు నుంచి అడిగారు. కంపెనీ నుంచి చాసిస్ (బండి అడుగున ఉండే ఇనుప చట్రం) మాత్రం తెప్పించుకుని పైన తమ ఇష్టప్రకారం బాడీ కట్టించుకున్న జమీందారీ బండ్లు తర్వాత ఏమయ్యాయి, వాటి ఆచూకీ ఎలా తీయాలి అని. అందుకే జవాబులన్నీ ఒకచోట ఇస్తున్నాం.

ప్రశ్న: మా తాతగారు గంజాం కొండల దగ్గర ఒక చిన్న జమీలో మోటారు డ్రైవరు. ఆయన నడిపిన వేట బండి ఫొటో ఒక్కటే మిగిలింది. పైకప్పు లేదు, వెనక తలుపుల్లేవు. అద్దం ఫ్రేముకి రెండు పెద్ద సెర్చిలైట్లు ఉన్నాయి. వెనక సీటు ముందు సీటుకన్నా జానెడు ఎత్తు, దాని పక్కన తుపాకులు నిలబెట్టే చట్రం. అలాంటిది మరొకటి లేదట, మద్రాసులో కట్టించారట. జమీ పోయాక అమ్మేశారు. కలకత్తాలో ఉందని కొందరు, ముక్కలైపోయిందని కొందరు అంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
(బరంపురం పాఠకుడు)

జవాబు: మీరు వెతకాల్సింది ఒక బండిని కాదు, మూడింటిని. చాసిస్ ఒకటి, ఇంజను ఒకటి, బాడీ ఒకటి. బాడీ విడిగా కట్టించిన బండి రెండు మూడు చేతులు మారిందంటే ఈ మూడూ కలిసుండటం అరుదు. ఇంజను పిండిమరకో నీళ్ల పంపుకో పోతుంది. చాసిస్ మీదకి చిన్న లారీ తొట్టి ఎక్కుతుంది. బాడీ ఎవరి పెరట్లోనో కోళ్లగూడు అవుతుంది. కాబట్టి మీరు విన్న రెండు మాటల్లో ఒకటి అబద్ధం అయి తీరాలని లేదు.

ఫొటోతో మొదలుపెట్టండి. ఫ్రేములోంచి తీసి వెనక్కి తిప్పి చూడండి, స్టూడియో ముద్ర, పెన్సిలు అంకెలు ఉండొచ్చు. ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగకండి, అద్దంతో పాటే స్కాన్ చేయించండి. 1200 డీపీఐకి తగ్గొద్దు. సెల్‌ఫోనుతో తీస్తే అంచులు వంగుతాయి, కొలతలు చెడతాయి.

అలాంటి బాడీ ఒకే ఒక్కటి కట్టారు గనుక ఏ కేటలాగులోనూ దొరకదు. బాడీ కింద ఉన్నది మాత్రం ఫ్యాక్టరీ సరుకే: చక్రాలు, హబ్ మూతలు, ముందు ఇరుసు, రేడియేటరు తొడుగు, బానెట్ పక్కన గాలి చీలికలు. వాటితో కంపెనీ, సంవత్సరం తేలుతాయి. కొలతలు కూడా సాక్ష్యం చెబుతాయి. ఉదాహరణకి మీది ఫోర్డు అనుకుందాం. ఫోర్డు మోడల్ ఏకి ఇరుసుల మధ్య దూరం 103.5 అంగుళాలు, 1932 ఫోర్డుకి 106, 1933 నుంచి 1940 దాకా 112. టైర్లు చూస్తే 1930-31 మోడల్ ఏకి 4.75-19, 1932 బండికి 5.25-18, 1933-34కి 5.50-17. రిమ్ము సైజుకి టైరు మందం రెండింతలు కలిపితే టైరు ఎత్తు సుమారుగా వస్తుంది: 28.5, 28.5, 28 అంగుళాలు. ఇరుసుల దూరాన్ని టైరు ఎత్తుతో భాగిస్తే వరసగా 3.63, 3.72, 4.00.

ఇప్పుడు మీ ఫొటోలో టైరు ఎత్తు 14 మిల్లీమీటర్లు, ఇరుసుల మధ్య 56 ఉందనుకోండి. భాగిస్తే 4. టైరు కొలవడంలో అర మిల్లీమీటరు అటూఇటూ అయినా 3.86కీ 4.15కీ మధ్యే ఉంటుంది. అంటే అది 1932 బండి కాదు, ఆ తర్వాతదే. అదే 3.6, 3.7 దగ్గర వస్తే మాత్రం ఈ లెక్కతో తేలదు, రేడియేటరు తొడుగు చూసి చెప్పాల్సిందే. ఫొటో ఏటవాలుగా తీసి చక్రం కోడిగుడ్డులా కనిపిస్తే వెనక చక్రాన్నే తీసుకోండి, ముందుది స్టీరింగుతో తిరిగి ఉంటుంది. దాని అడ్డం 12, నిలువు 14 అనుకుంటే, ఇరుసుల దూరాన్ని 14తో హెచ్చించి 12తో భాగించి, ఆ తర్వాత నిలువుతో భాగించండి. ఇది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. టైర్లు తర్వాత పెద్దవి వేయించి ఉంటే ఇదీ తప్పుతుంది.

"మద్రాసులో కట్టించారు" అన్న మాటని అప్పుడే నమ్మకండి, కొట్టేయనూ వద్దు. మద్రాసులో సింప్సన్ 1840లో గుర్రపు బండ్లతో మొదలై తర్వాత మోటారు బాడీలకి దిగిన సంస్థ, కాబట్టి కుదిరే మాటే. కానీ మద్రాసులో కొన్నదాన్ని కూడా ఇళ్లలో మద్రాసులో చేయించిందనే చెప్పుకుంటారు. బాడీ ఫ్యాక్టరీదా, బయట కట్టించిందా అన్నది తేల్చే పద్ధతి గుణుపురం పాఠకుడికి ఇచ్చిన జవాబులో ఉంది.

ఇక కాగితాలు. చాలామంది పొరబడేది ఇక్కడే. జమీలు రద్దయిన చట్టాలు రెండు: మద్రాసు వైపు 1948లోది, ఒడిశా వైపు 1951లోది. ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న రికార్డుల్లో బండి ఉంటుందని నెలల తరబడి తిరుగుతారు. ప్రభుత్వం తీసుకున్నది ఎస్టేటు భూముల్ని, వాటి హక్కుల్ని. మోటారు బండి జమీందారు సొంత సొత్తు, ఆ జాబితాల్లో ఉండదు. అది కనిపించేది వేరే మూడు చోట్ల. వారసుడు మైనరైతే ఎస్టేటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చేతికి వెళ్లేది, అప్పుడు చరాస్తుల జాబితా రాసేవారు. మీ ప్రాంతం మద్రాసు నుంచి ఒరిస్సాలోకి వెళ్లిన 1936కి ముందు నాటి కాగితాలకి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, తర్వాతవాటికి భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్ అడగాలి. అన్నదమ్ములు పంపకాల దావా వేసుకుని ఉంటే దావా షెడ్యూల్లో బండి నంబరుతో సహా ఉండొచ్చు. బరంపురం జిల్లా కోర్టులో దావా నంబరు, సంవత్సరం పట్టుకుని నకలుకి దరఖాస్తు పెట్టాలి. మూడోది, 1953 తర్వాత జమీందారు చనిపోతే ఎస్టేట్ డ్యూటీ (చనిపోయినవారి ఆస్తి మీద అప్పట్లో ఉన్న పన్ను) కింద వారసులు దాఖలు చేసిన ఆస్తుల లెక్క. దాని కాపీ ఆఫీసులో కన్నా ఆ కుటుంబపు పాత ఆడిటరు బీరువాలో దొరికే అవకాశమే ఎక్కువ.

కచేరీ లెక్కల పుస్తకాలు దొరికితే అందులో "మోటారు" అన్న మాట వెతక్కండి. అమ్మకం లెక్కలోకి రాకపోవచ్చు, బాకీ కింద ఇచ్చేసి ఉండొచ్చు. పెట్రోలు, టైర్లు, డ్రైవరు జీతం పద్దులు చూడండి. పెట్రోలు ఆగి జీతం కొనసాగితే బండి చెడి షెడ్డులో ఉన్నట్టు. రెండూ ఒకే నెలలో ఆగితే చేయి దాటినట్టు. మీ తాతగారి జీతం ఏ నెలలో ఆగిందో అదే మీకు గట్టి ఆధారం. ఈ పుస్తకాలు చాలావరకు గొలుసుకట్టు రాతలో ఉంటాయి, చదవగలిగే ముసలి కరణాన్ని ముందే చూసుకోండి.

ఒక చిన్న సలహా. పైకప్పు లేని పాత బండ్లు ఊరేగింపులకి, ఎన్నికలకి, సినిమా ప్రచారానికి అద్దెకి తిరిగేవి. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్ర పాత ఫొటోలు మీ పట్నంలో చాలా ఇళ్లలో ఉంటాయి. అమ్మవారిని చూడటం అయ్యాక వెనకాల ఏం నిలబడి ఉందో కూడా చూడండి.

ప్రశ్న: మా ఇంట్లో పాత ఇన్సూరెన్సు కాగితం ఉంది. దానిమీద బండి నంబరు "ఓఆర్" అక్షరాలతో మొదలవుతుంది. మా ఆర్టీవో ఆఫీసులో కంప్యూటర్‌లో కొట్టి చూసి లేదన్నారు. దారి మూసుకుపోయినట్టేనా?
(పర్లాకిమిడి పాఠకుడు)

జవాబు: లేదు. మీరు అడిగిన ఆఫీసే వేరు. గజపతి జిల్లా 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడిపోయింది. మీ ఆఫీసు ఓఆర్-20 నంబర్లు ఆ తర్వాతవి. అంతకు ముందు పర్లాకిమిడి బండ్ల రిజిస్టర్లు ఉంటే గంజాం వైపే ఉండాలి. రాయగడ వాళ్లకీ ఇదే వర్తిస్తుంది: ఆ జిల్లా అదే రోజున కోరాపుట్ నుంచి వచ్చింది. కంప్యూటర్‌లో లేకపోవడానికి అర్థం ఏమీ లేదు. పాత చేతిరాత రిజిస్టర్లలో ఉండి, అప్పటికే మూలపడిన బండ్లని ఎవరూ కంప్యూటర్‌లోకి ఎక్కించలేదు.

ఇంకా వెనక్కి వెళ్తే 1936 ఏప్రిల్ 1 గీత ఉంది. ఆ రోజు దాకా బరంపురం, పర్లాకిమిడి, జయపురం అన్నీ మద్రాసు రాజధానిలోవే. గంజాం జిల్లా కొంత, విశాఖపట్నం ఏజెన్సీ కొంత. పర్లాకిమిడి జమీ మధ్యలోంచే సరిహద్దు గీశారు. దాని కింద టెక్కలి, మందస వైపు మిగిలింది విశాఖ జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. 1939 మోటారు చట్టంతో ఒరిస్సాకి ఓఆర్, మద్రాసుకి ఎండీ, ఎంఎస్ అక్షరాలు వచ్చాయి. కాబట్టి మీ బండి 1930లలో కొన్నదైతే ఓఆర్ నంబరు దానికి మొదటిది కాదు, రెండోదో మూడోదో. రిజిస్టరులో ఆ బండి లైనులో పాత నంబరు రాసి ఉంటే దారి మద్రాసు దాకా తెరుచుకుంటుంది.

సమాచార హక్కు కింద అడగండి. ఒడిశాలో ఫారం ఏ నింపి, గుర్తింపు కార్డు నకలు జతచేసి, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి. జవాబుకి 30 రోజుల గడువు, రాకపోతే మొదటి అప్పీలు. "ఈ బండి ఎవరిది" అని అడిగారంటే వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపుతారు. మనుషుల్ని వదిలేసి బండి గురించే అడగాలి. ఇలా రాయండి: "ఫలానా నంబరు వాహనానికి సంబంధించి తయారీదారు, తయారైన సంవత్సరం, చాసిస్ నంబరు, ఇంజను నంబరు, బాడీ రకం, అంతకు ముందున్న నంబరు, బదిలీలు జరిగిన తేదీలు, రద్దయితే రద్దు తేదీ తెలపండి. ఆ సంవత్సరపు రిజిస్టరు లేకపోతే, దాన్ని నాశనం చేయమన్న ఉత్తర్వు నకలు ఇవ్వండి." ఆఖరి వాక్యం తప్పకుండా ఉంచండి. "లేదు" అని ఒక్క మాటతో సరిపెట్టుకునే వీలుండదు, అటక మీదకి ఎవరో ఒకరు ఎక్కాల్సి వస్తుంది.

ప్రశ్న: మా ఊరి బియ్యం మిల్లు వెనక షెడ్డులో ఒక ఫోర్డు వీ8 చాసిస్ పడి ఉంది. జమీ వేట బండిదే అంటారు. నంబరు ఎక్కడా కనబడదు, అంతా గ్రీజు, నల్ల రంగు. మెకానిక్ గ్రైండరు పెట్టి మెరిపిస్తానంటున్నాడు. పెట్టనివ్వమంటారా?
(గుణుపురం పాఠకుడు)

జవాబు: వద్దంటే వద్దు. ముందు గ్రైండరు ఎందుకు పనికిరాదో చెబుతాం. అచ్చు కొట్టినప్పుడు పైకి కనిపించే గాడి కింద కూడా ఇనుము నలుగుతుంది. పైన అంకె అరిగిపోయినా ఆ నలుగుడు మిగిలి ఉంటే ఫోరెన్సిక్ ల్యాబు వాళ్లు రసాయనంతో అంకెని మళ్లీ పైకి తేగలరు. గ్రైండరు ఆ పొరను కూడా లాగేస్తుంది, ఇక ఎవరి వల్లా కాదు. పైగా గ్రైండరు మరక ఉన్న చోటు చూస్తే రేపు ఏ అధికారి అయినా దొంగ బండి అనే అనుకుంటాడు.

1932 నుంచి ఈ వీ8 ఫోర్డులకి నంబరు ఎడమ చాసిస్ బారు పైముఖాన కొట్టేవారు. తొలి ఏళ్ల బండ్లకి "18-"తో మొదలై, రెండు కొసలా నక్షత్రం గుర్తు ఉంటుంది. మన బండ్లకి స్టీరింగు కుడివైపు గనుక డ్రైవరు పక్క వెతికి వదిలేసేవాళ్లు చాలామంది; అటు కాదు, ఎడమ వైపు. ఒకే నంబరు బారు మీద మూడు చోట్ల పడేది. ముందుది స్టీరింగు పెట్టె ఉండే వరసలో ఇంజను పక్కన, తక్కిన రెండూ బాడీ కింద దాగి ఉంటాయి. మీ చాసిస్ మీద బాడీ లేదు గనుక మూడూ చూడొచ్చు. ముందుది పోయినా, వానా ఎండా తగలక వెనకది బాగా మిగులుతుంది.

శుభ్రం చేసే తీరు ఇది. మొదటి రోజు గ్రీజు మీద కిరసనాయిలు తడిపిన గుడ్డ కప్పి రాత్రంతా ఉంచండి. మర్నాడు వెదురు బద్దతో గీకండి, ఉలితో కాదు. రంగు మిగిలితే పెయింటు రిమూవరు పూసి 15-20 నిమిషాలు ఆగి గుడ్డతో తుడవండి, చేతికి రబ్బరు తొడుగు ఉండాలి. ఆఖరున ఇత్తడి బ్రష్షు. ఉక్కు బ్రష్షు గీతలు పెడుతుంది, ఆ గీతల్లో 1, 7 ఒకేలా కనిపిస్తాయి. తర్వాత షెడ్డు చీకటి చేసి టార్చిలైటుని ఇనుము మీదకి దాదాపు పడుకోబెట్టి పట్టండి. నెత్తి మీద నుంచి వెలుగు పడితే కనిపించని అంకె పక్క వెలుగులో నీడతో లేస్తుంది. పల్చటి కాగితం పరిచి పెన్సిలు పక్కతో రుద్ది అచ్చు తీసుకోండి. ఉక్కు స్కేలు పక్కన పెట్టి ఫొటో కూడా తీయండి.

నంబరుకి ముందు అక్షరం ఉంటే కంగారు పడకండి. బ్రిటిషు పాలన ఉన్న దేశాలకి కుడి స్టీరింగు ఫోర్డులు కెనడా ఫ్యాక్టరీ నుంచే వచ్చేవి. మోడల్ ఏ అయితే "సీఏ" అని కనిపించడం అందుకే.

ఆ ఫోర్డుల్లో ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు చాసిస్‌దీ ఇంజనుదీ ఒకే నంబరు. ఇంజను మారిందో లేదో చూడటానికి ఒక తేలిక గుర్తుంది: సిలిండరు హెడ్డు మీద స్టడ్లు (హెడ్డుని ఇంజనుకి బిగించే మర కడ్డీలు) లెక్కపెట్టండి. ఒక్కో హెడ్డుకి 21 ఉంటే 1932 నుంచి 1938 మొదటి నెలల దాకా వచ్చిన ఇంజను, 24 ఉంటే ఆ తర్వాతది. 1934 చాసిస్‌లో 24 స్టడ్ల ఇంజను ఉంటే ఎప్పుడో మార్చారన్నమాట. అది తప్పేం కాదు, యుద్ధం తర్వాత దొరికిందే వేసుకునేవారు.

ఇక బాడీ ఎక్కడ కట్టారన్న సంగతి. అమెరికా, కెనడా బండ్ల బోల్టుల మర కోణం 60 డిగ్రీలు. ఇంగ్లండులోనూ, ఇంగ్లీషు పనిముట్లు వాడిన మన వర్క్‌షాపుల్లోనూ విట్‌వర్త్ మర, 55 డిగ్రీలు. చాసిస్‌కి బాడీ బిగించిన బోల్టులు ఒకటి రెండు తుప్పుపట్టి అక్కడే ఉంటాయి. పావు అంగుళం, 5/16, 3/8 బోల్టుల్లో ముతక మరకి అంగుళానికి 20, 18, 16 చొప్పున చుట్లు రెండింటికీ ఒకటే, వాటితో తేలదు. అర అంగుళం బోల్టు పట్టుకోండి. విట్‌వర్త్‌కి అంగుళానికి 12 చుట్లు, అమెరికా ముతక మరకి 13. చాసిస్ బోల్టులన్నీ 13, బాడీ బోల్టులు 12 అయితే బాడీ ఆ ఫ్యాక్టరీలో కట్టింది కాదని గట్టిగా చెప్పొచ్చు. మద్రాసా, కలకత్తానా అన్నది బోల్టు చెప్పదు.

అసలు వేలిముద్ర మాత్రం రంధ్రాలు. చాసిస్ పొడవునా గోధుమ రంగు కాగితం పరిచి, ప్రతి రంధ్రాన్నీ పెన్సిలుతో గుచ్చి పటం తీయండి. ఫ్యాక్టరీ రంధ్రాలు రెండు బార్లకీ సరిగ్గా ఎదురెదురుగా ఉంటాయి. తర్వాత పెట్టినవి ఒక పక్కే ఉంటాయి: సెర్చిలైట్ల బ్యాటరీ పెట్టె, రెండో స్టెప్నీ, తుపాకుల పెట్టె. వాటి అంచులు చూడండి. డ్రిల్లుతో నున్నగా గుండ్రంగా ఉంటే బాడీ కట్టినవాడి పని. అంచు కరిగి, చుట్టూ ఇనుప కారుడు గడ్డకట్టి ఉంటే గ్యాసు కటింగు, అంటే లారీగా మార్చినప్పుడు కోసింది. బరంపురం పాఠకుడి దగ్గర ఉన్నలాంటి ఫొటో ఒకటి మీకూ దొరికితే ఈ పటాన్ని దానితో పోల్చండి. ఊళ్లో పదిమంది చెప్పిన మాటకన్నా నాలుగు రంధ్రాలు సరిపోవడం మేలు.

ప్రశ్న: ఒక డీలరు మా పూర్వీకుల బండి తన దగ్గరుందని, పూర్తిగా బాగుచేయించానని, కాగితాలున్నాయని చెబుతున్నాడు. ఫొటోలో అచ్చం అలాగే ఉంది. బయానా అడుగుతున్నాడు.
(జయపురం పాఠకురాలు)

జవాబు: అమ్మా, అచ్చం అలాగే ఉండటమే అనుమానించాల్సిన సంగతి. మీ ఇంటి ఫొటో ఎవరికైనా చూపించారా? ఫొటో ఉంటే మంచి టింకరింగు పనివాడు ఆరు నెలల్లో అలాంటి బాడీ కట్టగలడు.

బయానా ఇచ్చేముందు చాసిస్ నంబరు అచ్చు కాగితం మీద మీరే రుద్ది తీసుకోండి, అతను పంపిన ఫొటో చాలదు. ఆర్‌సీ పుస్తకంలో నంబరుతో ఒక్కో అంకె సరిపోవాలి. బండి లేని కాగితాలు అమ్ముడుపోవడం, వాటికి తర్వాత బండిని పుట్టించడం ఈ వ్యాపారంలో పాత అలవాటు. అంకెలు చూడండి: చేత్తో ఒక్కో అచ్చూ కొట్టినప్పుడు లోతు, వరస కాస్త అటూఇటూ అవుతాయి. చుట్టూ ఇనుము పల్లంగా, నున్నగా ఉంటే పాత నంబరు గీకి కొత్తది కొట్టారు.

తలుపు గడప దగ్గర బాడీ కట్టినవాడి పేరు ప్లేటు మెరుస్తుంటే మురిసిపోకండి. నకిలీ చేయడానికి అన్నిటికన్నా తేలిక అదే. ప్లేటు వదిలేసి దాని మేకులు చూడండి. 1930ల నాటి ప్లేటుని పాప్ రివెట్టుతో (మధ్యలో బొక్క ఉండే బోలు మేకుతో) బిగించి ఉంటే తర్వాత పెట్టిందే. స్క్రూల తలలు కూడా చూడండి. ప్లస్ ఆకారపు ఫిలిప్స్ స్క్రూ మోటారు బండ్లలోకి వచ్చింది 1936 కాడిలాక్‌తో. అంతకు ముందు బాడీలో దాచిన చోట, అంటే సీటు కింద, తలుపు రేకు లోపల, ఫిలిప్స్ స్క్రూలు నిండా ఉంటే బాడీ కొత్తది. పైకి కనిపించే చోట ఒకటి రెండు ఉంటే అది మరమ్మతే కావచ్చు.

రంగు పొరలూ చెబుతాయి. డాష్‌బోర్డు కిందో, తలుపు కీలు వెనకో రూపాయి బిళ్లంత చోట తడి ఎమరీతో 400 నంబరుతో మొదలుపెట్టి 600, 1000 నంబర్లతో మెల్లగా అరగదీస్తే చెట్టు వలయాల్లా రంగులు బయటపడతాయి. 90 ఏళ్ల బండికి ఒకే రంగు, దాని కింద ఒకే లప్పం, ఆ కింద కొత్త రేకు కనిపిస్తే అది పాత బాడీ కాదు. పాత రంగుల్లో సీసం ఉంటుంది, పొడిగా రుద్దకండి, ముక్కుకి మాస్కు కట్టుకోండి. డీలరు ఈ పరీక్షకి ఒప్పుకోకపోతే బాగుచేయకముందు తీసిన ఫొటోలు అడగండి. నిజంగా బాగుచేయించినవాడి దగ్గర అవి వందల్లో ఉంటాయి.

అసలు చాసిస్ మీద కొత్త బాడీ కట్టడం నేరం కాదు. ధర దానికి తగ్గట్టు ఉండాలి, రాతకోతల్లో ఆ మాట ఉండాలి, అంతే.

బండి రోల్స్ రాయిస్ అయితే మీ పని చాలా సుళువు. ఆ కంపెనీ ప్రతి చాసిస్‌కీ రాసిన కార్డులు ఇంగ్లండులో రోల్స్ రాయిస్ ఎంథూజియాస్ట్స్ క్లబ్ దగ్గర భద్రంగా ఉన్నాయి. మొదటి యజమాని, బాడీ ఎవరు కట్టారు అన్నవి నంబరు పంపితే తెలుస్తాయి. ప్యాకార్డు అయితే ఇంజను వెనక గోడ మీది ప్లేటు పైనే డీలరు ఊరు, అప్పగించిన తేదీ కొట్టి ఉంటాయి. ఫోర్డు, షెవర్లేలకి ఈ సుఖం లేదు. అందుకే పైన బోల్టులు, రంధ్రాల గొడవంతా.

ప్రశ్న: మా పాత ఇంటి గోశాలలో ఒక బండి తలుపు, సీటు చట్రం, కొన్ని చెక్కలు దొరికాయి. సగం చెదలు తినేశాయి. పారేయాలా, ఉంచాలా?
(రాయగడ పాఠకురాలు)

జవాబు: ఒక్క ముక్కా పారేయకండి, పొయ్యి దగ్గరకి అసలే వెళ్లనివ్వకండి. బాడీ కట్టే వర్క్‌షాపుల్లో ఒకేసారి నాలుగైదు బండ్లు సాగేవి. ఏ చెక్క ఏ బండిదో కలిసిపోకుండా పని నంబరు అచ్చు కొట్టేవారు, లేదా పెన్సిలుతో, సుద్దతో రాసేవారు. ఆ రాత ఉండేది సీటు పలక అడుగున, తలుపు కీలు కూర్చునే గాడిలో, తోలు కుట్టిన అట్ట వెనక. కాబట్టి కడగకండి, తడిగుడ్డ పెట్టకండి. మెత్తని బ్రష్షుతో మట్టి దులిపి, ప్రతి ముక్కకీ నంబరు చీటీ కట్టి, రెండు వైపులా ఫొటో తీయండి. చెదలు తిన్న చెక్క పొడిపొడి అయిపోతుంటే సంరక్షణ పనివాళ్లు పారలాయిడ్ బి-72 అనే రెసిన్‌ని ఎసిటోన్‌లో నూటికి అయిదు పాళ్లు కలిపి బ్రష్షుతో ఇంకిస్తారు. ఫెవికాల్ పూయకండి, రాత కప్పబడిపోతుంది. ఎండలో కాకుండా గాలి ఆడే నీడలో, నేలకి తగలకుండా ఇటుకల మీద పేర్చండి.

చెక్క టేకు అయితే మన దేశంలో కట్టిన బాడీ అయ్యే అవకాశం ఎక్కువ. ఇంగ్లండు వాళ్లు ఎక్కువగా వాడింది ఆష్ అనే చెట్టు కలప. వడ్రంగికి చూపిస్తే వాసన చూసి చెబుతాడు.

ప్రశ్న: బండి దొరికి, మూడూ కలిసి, బాగయ్యాక రోడ్డెక్కించాలంటే?
(ఛత్రపురం పాఠకుడు)

జవాబు: 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకి విడిగా నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. చాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పు చేసి ఉండకూడదు. ఫారం 20లో దరఖాస్తు, ఇన్సూరెన్సు, పాత ఆర్‌సీ జతచేయాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, మళ్లీ చేయించడానికి 5,000. చెల్లుబాటు 10 ఏళ్లు. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత "వీఏ" వస్తుంది. ర్యాలీలకి, ప్రదర్శనలకి, మరమ్మతులకి తిప్పుకోవచ్చు, రోజువారీ వాడకానికి, అద్దెకి కుదరదు.

కట్టించిన బాడీ బండికి చిక్కు "మార్పు" అన్న మాట దగ్గరే వస్తుంది. ఆ బాడీ మొదటి నుంచీ ఉన్నదే అని మీరు చూపించాలి. పాత రిజిస్టరులో "బాడీ రకం" గడి, నాటి ఫొటో ఇక్కడ పనికొస్తాయి. డీజిల్ ఇంజను వేసి ఉంటే దరఖాస్తుకి ముందే పెట్రోలు ఇంజనుకి తిరిగి రండి.

ప్రశ్న: చాసిస్ నంబరు దొరికింది. బండి మాత్రం లేదు. క్లబ్బులకి, పత్రికలకి రాద్దామనుకుంటున్నాం.
(బరంపురం పాఠకురాలు)

జవాబు: రాయండి, కానీ నంబరు మొత్తం బయటపెట్టకండి. చివరి రెండు అంకెల చోట చుక్కలు పెట్టండి. పూర్తి నంబరు అచ్చయిందంటే, నంబరు లేని చాసిస్ ఉన్నవాడెవడో దాన్నే కొట్టుకుని మీకే ఫోను చేస్తాడు. "మా దగ్గరుంది" అన్నవాళ్లని ఆ రెండు అంకెలు ముందు చెప్పమనండి.